అపార్ట్‌మెంట్‌లో భూకంపానికి సిద్ధం కావడం ఎలా: మంచం దగ్గర మొదలుపెట్టి పార్కింగ్ పిల్లర్ల దాకా

2024 డిసెంబర్ 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మంచాలు కదిలాయి. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది చెప్పులు లేకుండా మెట్ల మీదుగా పరుగెత్తారు. కిందికి చేరినవాళ్లు నేరుగా వెళ్లి పార్కింగ్‌లో, పిల్లర్ల మధ్య, గుంపుగా నిలబడ్డారు. పెద్ద భూకంపమే వచ్చి ఉంటే ఆ భవనంలో అంతకన్నా ప్రమాదకరమైన చోటు మరొకటి లేదు.

ఆ రోజు నుంచి "మేం ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడుగుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను పదేపదే తలుచుకునే ఊరు అహ్మదాబాద్. 2001 జనవరి 26 ఉదయం 8:46కి గుజరాత్‌లో, కచ్‌లోని భచావు దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. అహ్మదాబాద్ అక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలి, వందల మంది చనిపోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం మనం రోజూ చూసే తరహా భవనాలే: కింద పార్కింగ్, పైన నాలుగైదు అంతస్తులు.

## 1. ముందుగా మూడు ప్రశ్నలు

ఒక కాగితం మీద ఈ మూడింటికి జవాబులు రాసుకోండి. అరగంట చాలు.

మీ ఊరు ఏ జోన్‌లో ఉంది? భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విభజిస్తారు, నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 2002 పటం ప్రకారం హైదరాబాద్ జోన్ 2లో, విజయవాడ, ఒంగోలు, భద్రాచలం జోన్ 3లో ఉన్నాయి. అహ్మదాబాద్ కూడా జోన్ 3లోనే ఉంది. జోన్ 2 అని తెలియగానే ఊపిరి పీల్చుకోకండి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున వేలమందిని బలిగొన్న భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతం అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లోనే ఉండేది.

మీ భవనం కింద ఏ నేల ఉంది? రాతి నేల మీద ఊపు తక్కువ. నది తెచ్చిన ఒండ్రు మట్టి మీద, పూడ్చిన చెరువు మీద ఊపు పెరుగుతుంది. అహ్మదాబాద్‌లో సబర్మతి పాత పారుదల దారి వెంట కట్టిన భవనాలు చాలా దెబ్బతిన్నాయి. కృష్ణ ఒడ్డున ఉన్నవారు, ఒకప్పుడు చెరువు ఉన్న చోట ఇల్లు కొన్నవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కాలనీలోని పెద్దవాళ్లను అడిగితే చెరువు ఎక్కడిదాకా ఉండేదో చెబుతారు.

భవనం ఎప్పుడు కట్టారు, తర్వాత ఏం మార్చారు? పైన వేసిన అదనపు అంతస్తు, తొలగించిన గోడ, కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు, అన్నీ రాయండి. నాలుగో విభాగంలో ఈ కాగితం పనికొస్తుంది.

## 2. మంచం చుట్టూ ఉన్నవి (ఈ ఆదివారమే)

చాలామంది మొదట బజారుకు వెళ్లి టార్చి, ప్రథమ చికిత్స పెట్టె కొంటారు. అది తర్వాతి పని. రోజులో మూడో వంతు మనం కదలకుండా పడుకునే చోటు మంచం. కిల్లారిలో భూకంపం వచ్చింది తెల్లవారుజామున నాలుగు గంటలకు కాస్త ముందు. అందుకే మంచం దగ్గరే మొదలుపెట్టండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మంచం మీద పడుకుని తల తిప్పి చూడండి. మీ మీద పడగలిగేవి ఏమేం ఉన్నాయి? మన ఇళ్లలో సాధారణంగా కనిపించేవి ఇవి:

- తలవైపు గోడకు తగిలించిన పెద్దల ఫోటోలు, అద్దాల ఫ్రేములు. వాటిని ఎదుటి గోడకు మార్చండి, మేకుకు బదులు మూసి ఉండే కొక్కెం వాడండి.
- మంచం పక్కనే నిలబెట్టిన ఇనుప బీరువా. దాని ఎత్తు ఎంతో అంత దూరం జరపండి. గదిలో చోటు లేకపోతే, పడినా మంచం మీద కాక గోడకు తగిలేలా దిశ మార్చండి.
- బీరువా మీద పెట్టిన సూట్‌కేసులు, కుట్టుమిషను. ఇవాళే కిందికి దించండి.
- మంచం ఆనుకుని ఉన్న పెద్ద కిటికీ. మంచం జరపలేకపోతే రాత్రిపూట మందపాటి తెర వేసి ఉంచండి.

తర్వాత చెప్పుల సంగతి. మనం చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. రాత్రిపూట భూకంపం వస్తే గుమ్మం దాకా వెళ్లే దారంతా పగిలిన గాజు ఉంటుంది. కాళ్లు కోసుకున్నవారు ఇంకొకరిని మోయలేరు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ పాత బూట్లో, మందమైన చెప్పులో ఒక జత సంచిలో పెట్టి మంచం కోడుకు కట్టండి. అదే సంచిలో చిన్న టార్చి, ఒక ఈల వేయండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

## 3. అటక, బీరువా, వంటగది

అటక మీద ఏముందో ఒకసారి కిందికి దించి చూడండి. గంగాళాలు, గుండిగలు, ఇత్తడి బిందెలు, బొమ్మల కొలువు పెట్టె ఉంటాయి. బరువైనవన్నీ కిందికి, తేలికైన పరుపులు, దుప్పట్లు పైకి. అటకకు తలుపు లేకపోతే అంచున అడ్డంగా ఒక చెక్క పట్టీ బిగించండి.

బీరువాలను, పుస్తకాల అరలను గోడకు బిగించడం ఇలా:

1. పై భాగంలో రెండు వైపులా ఎల్ ఆకారపు క్లాంపులు పెట్టండి. ఒక్కటి సరిపోదు.
2. ఇటుక గోడకైతే కనీసం రెండంగుళాలు లోపలికి దిగే ఫాస్టెనర్ వాడండి. తేలికైన సిమెంటు బ్లాకుల గోడకు మామూలు ఫాస్టెనర్ పట్టు దొరకదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఆ గోడ పేరు చెప్పి దానికి తగినదే అడగండి.
3. పిల్లర్లకు, బీములకు రంధ్రాలు వేయనివ్వకండి.
4. బిగించాక బీరువా పై అంచు పట్టుకుని గట్టిగా ముందుకు లాగండి. కదిలితే మళ్లీ బిగించాలి.

చక్రాల స్టాండు మీద ఉన్న ఫ్రిజ్ చక్రాలకు తాళం వేయండి, తాళం లేని స్టాండును మార్చండి. టీవీని పట్టీతో వెనక గోడకు కట్టండి. పూజగదిలో దీపం వెలుగుతుండగా ఇల్లు వదిలి వెళ్లకండి. దీపం కింద వెడల్పాటి పళ్లెం ఉంచండి, పక్కన పట్టు వస్త్రాలు, అగరుబత్తి పెట్టెలు పెట్టకండి.

వంటగ్యాస్ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. రెగ్యులేటర్ ఎటు తిప్పితే ఆగుతుందో తాతయ్యకూ పదేళ్ల పాపకూ చేతితో తిప్పించి చూపించండి. సిలిండరు గొలుసుతో గోడకు కట్టి ఉండాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది. వాసన తెలిసేసరికి కాళ్ల చుట్టూ ఉంటుంది. గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906 ను సిలిండరు పక్కనే గోడ మీద రాసిపెట్టండి.

## 4. పార్కింగ్ పిల్లర్లు: అసలు ప్రాణం ఇక్కడ ఉంది

పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలుంటాయి, అందువల్ల పై భాగమంతా ఒకే పెట్టెలా బిగువుగా ఉంటుంది. కింద పార్కింగ్‌లో గోడలు లేవు. నేల ఊగినప్పుడు పెట్టె మొత్తం కదులుతుంది, వంగాల్సిన భారమంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. అవి తలవద్దో పాదం వద్దో విరుగుతాయి, పై అంతస్తులు అలాగే కిందికి కూర్చుంటాయి. అహ్మదాబాద్‌లో అనేక భవనాల విషయంలో జరిగింది ఇదే.

కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘం చేయాల్సిన పని ఇక్కడే ఎక్కువగా ఉంది. ముందు మీరే టార్చి పట్టుకుని పార్కింగ్‌లో తిరగండి. ప్రతి పిల్లరుకు సుద్దతో నంబరు వేయండి, ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటో తీయండి. ఈ కింది వాటిలో ఏది కనిపించినా రాసుకోండి:

- పెచ్చులు ఊడి తుప్పు పట్టిన కడ్డీలు బయటపడటం
- పిల్లరు పొడవునా నిలువుగా సాగిన పగులు (లోపల కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతున్నదనడానికి తరచుగా కనిపించే గుర్తు)
- పిల్లరు, బీము కలిసే చోట ఏటవాలు పగులు
- నీళ్ల పైపు కోసమో, కారు మలుపు కోసమో చెక్కేసిన పిల్లరు
- ఎప్పుడూ తడిగా ఉండే పిల్లరు పాదం, సంపు పక్కన మరీ ముఖ్యంగా

బీము కింద ఇటుక గోడ మొదలయ్యే చోట వెంట్రుకంత సన్నటి గీతలు కనిపిస్తే కంగారుపడకండి, అవి చాలా ఇళ్లలో ఉంటాయి. అనుమానం ఉన్న పగులు రెండు కొసల వద్ద పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. మూడు నెలల తర్వాత గీత దాటిందా చూడండి.

తర్వాత మేడ మీదికి వెళ్లండి. పదివేల లీటర్ల నీళ్లంటే పది టన్నుల బరువు. అసలు నక్షాలో లేని ట్యాంకులు, పెంట్‌హౌస్, మట్టి నింపిన తోట, ఇవన్నీ కింది పిల్లర్లు మోస్తున్నాయి. నాలుగు ట్యాంకుల్లో రెండే వాడుతుంటే మిగతా రెండు ఖాళీ చేయించండి.

ఇంజినీరును పిలవడంలో చాలా సంఘాలు తడబడతాయి. "భవనాన్ని బలోపేతం చేయించాలి" అని సమావేశంలో అంటే ఖర్చు భయంతో చర్చ అక్కడే ఆగిపోతుంది. "స్ట్రక్చరల్ ఇంజినీరు ఒకసారి వచ్చి చూసి రాతపూర్వక నివేదిక ఇవ్వాలి" అని ఒక్క తీర్మానం పెట్టండి. దానికి అందరూ ఒప్పుకుంటారు. సివిల్ ఇంజినీరు అయితే చాలనుకోవద్దు, మేస్త్రీ మాట మీద అసలే ఆధారపడవద్దు. భవన నిర్మాణ బలం లెక్కించే స్ట్రక్చరల్ ఇంజినీరే కావాలి. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాలలో స్ట్రక్చరల్ విభాగాన్ని సంప్రదించినా దారి చూపుతారు.

ఇంజినీరు వచ్చేలోగా సిద్ధంగా ఉంచాల్సినవి: స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మీ ఫోటోలు, మొదటి విభాగంలో మీరు రాసిన మార్పుల జాబితా.

ఆయనను అడగాల్సిన ప్రశ్నలు:

1. కాంక్రీటు బలం తెలుసుకోవడానికి రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు (పిల్లరును పగలగొట్టకుండా చేసేవి) ఎన్ని పిల్లర్లకు చేస్తారు?
2. పార్కింగ్ అంతస్తు బలం పై అంతస్తుతో పోలిస్తే ఎంత తక్కువ?
3. పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కడ్డీలు, కాంక్రీటు పొర వేయడం) చేయాలా, కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు లేదా ఉక్కు బ్రేసింగ్ (ఏటవాలు ఆసరా కడ్డీలు) వేస్తే చాలా?
4. అన్నీ ఒకేసారి చేయలేకపోతే ఏ పిల్లర్లతో మొదలుపెట్టాలి?

ఇక్కడ జరిగే పెద్ద తప్పు: పగిలిన పిల్లరుకు సిమెంటు పూసి రంగు వేయించడం. తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం కనిపించకుండా పోతుంది. రెండో తప్పు, ఇంజినీరు లెక్క లేకుండా పార్కింగ్‌లో ఒక పక్కనే గోడలు కట్టేయడం. ఒకవైపు బిగువు, మరోవైపు వదులు అయితే భవనం మెలిక తిరుగుతుంది.

కొత్తగా ఇల్లు కట్టిస్తున్నవారికి ఒక్క మాట. పిల్లరు రింగుల (నిలువు కడ్డీల చుట్టూ కట్టే సన్న కడ్డీల) కొసలు లోపలి కాంక్రీటులోకి 135 డిగ్రీల కోణంలో వంగి ఉండాలి. చాలాచోట్ల లంబకోణంలో వంచి వదిలేస్తారు. గట్టి ఊపులో అవి విచ్చుకుంటాయి, లోపలి కడ్డీలు బయటికి ఉబుకుతాయి. సెంట్రింగ్ బిగించక ముందే మీరే వెళ్లి చూడండి. కాంక్రీటు పోశాక చూడటానికి ఏమీ ఉండదు.

## 5. నీళ్లు, సంచి

మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, మూడు రోజులకు. నలుగురికి నలభై ఎనిమిది లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, పైన కొన్ని సీసాలు ఉంటే చాలు. పాత క్యాను వాడుతూ కొత్తది నింపుతూ ఉంటే నీళ్లు పాడుకావు.

గుమ్మం దగ్గర వేలాడదీసే సంచిలో:

- బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా, మందుల చీటీ నకలు
- చిన్న నోట్లలో నగదు (కరెంటు, నెట్ లేనప్పుడు ఫోన్ చెల్లింపులు పనిచేయవు)
- ఆధార్, ఇంటి పత్రాలు, బీమా పాలసీల నకళ్లు ప్లాస్టిక్ కవరులో
- పవర్ బ్యాంకు, బ్యాటరీతో పనిచేసే రేడియో
- దూది, కట్టు గుడ్డలు, మందపాటి చేతి తొడుగులు
- అటుకులు, పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు వంటివి, వండక్కర్లేనివి
- కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు

ఆ నంబర్లలో ఒకటి వేరే ఊళ్లోని బంధువుది అయి ఉండాలి. భూకంపం వచ్చిన ఊళ్లో ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం కష్టమవుతుంది, బయటి ఊరికి సందేశం వెళ్లవచ్చు. విశాఖలో ఉన్న మావయ్యకు అందరూ సందేశం పంపాలి, ఆయన దగ్గర అందరి సమాచారం ఉంటుంది అని ముందే అనుకోండి. ఆ మావయ్యకు కూడా ఈ సంగతి చెప్పండి.

## 6. పదిహేను నిమిషాల సాధన

పిల్లలతో మూడు మాటలు గట్టిగా పలికించండి: వంగు, దాక్కో, పట్టుకో. మోకాళ్ల మీద వంగాలి, గట్టి బల్ల కిందికి దూరాలి, బల్ల కోడు పట్టుకోవాలి. బల్ల జరిగితే దానితోపాటే జరగాలి.

మన ఇళ్లలో చిక్కు ఏమిటంటే భోజనాల బల్లకు తరచుగా గాజు పలక ఉంటుంది, మంచాలకు కింద సామాను పెట్టెలు ఉంటాయి, దూరడానికి చోటు ఉండదు. అలాంటప్పుడు కిటికీకి, బీరువాకు దూరంగా లోపలి గోడ పక్కన కూర్చుని, దిండుతో తల, మెడ కప్పుకోవాలి. ప్రతి గదిలోనూ ఆ చోటు ఏదో ముందే తేల్చుకుని పిల్లలకు చూపించండి.

వంగలేని పెద్దవాళ్లు కుర్చీలోనే ఉండి ముందుకు వాలి తల మీద దిండు పెట్టుకోవాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేయాలి.

బాల్కనీ గ్రిల్, మెట్ల దగ్గర ఇనుప గేటు రాత్రి తాళం వేస్తారా? తాళంచెవి ఎక్కడుందో చీకట్లో వెతికి తీసి చూడండి. గేటు పక్కనే మేకుకు ఒక చెవి ఉండాలి.

గూగుల్ సంస్థ 2023లో ఆండ్రాయిడ్ ఫోన్లకు భూకంప హెచ్చరికలను మన దేశంలో ప్రారంభించింది. సెట్టింగుల్లో అత్యవసర విభాగంలో అది పనిచేస్తున్నదో లేదో చూసుకోండి. దొరికేది కొన్ని సెకన్లే. బల్ల కిందికి దూరడానికి ఆ సెకన్లు చాలు, ఐదో అంతస్తు దిగడానికి చాలవు.

## 7. ఊగుతున్న ఆ నిమిషం

- పై అంతస్తులో ఉంటే ఉన్న గదిలోనే దాక్కోండి. మెట్ల మీదికి, లిఫ్టులోకి వెళ్లకండి. పరుగెత్తేవారు మెట్ల మీద పడతారు, తొక్కుకుంటారు.
- నేల అంతస్తులో, నాలుగు అడుగుల్లో ఖాళీ స్థలం ఉంటే బయటికి వెళ్లండి. కిల్లారిలోలా మట్టితో పేర్చిన రాతి గోడలు, బరువైన పైకప్పు ఉన్న ఇళ్లలో లోపల ఉండటమే ప్రమాదం.
- మంచం మీద ఉంటే బోర్లా పడుకుని దిండుతో తల కప్పుకోండి. రెండో విభాగంలోని పని చేసి ఉంటే మీ మీద పడేది ఏమీ ఉండదు.
- పార్కింగ్‌లో ఉంటే, రెండు మూడు అంగల్లో బయటికి రాగలిగితే రండి, గోడకు దూరంగా జరగండి.
- కారులో ఉంటే వంతెన, ఫ్లైఓవర్, విద్యుత్ తీగల కింద కాకుండా పక్కకు ఆపి లోపలే ఉండండి.

ద్వారబంధం కింద నిలబడమని పాతరోజుల నుంచి చెబుతుంటారు. ఇప్పటి ఇళ్లలో ద్వారబంధం గోడకన్నా బలమైనది కాదు, తలుపు వచ్చి కొడుతుంది. పైకప్పు కూలినప్పుడు మంచం పక్కన మిగిలే ముక్కోణపు ఖాళీలో పడుకుంటే బతుకుతారనే సందేశం కూడా తిరుగుతూ ఉంటుంది. విపత్తు నిర్వహణ నిపుణులు దాన్ని అంగీకరించరు. ఎటు ఏం కూలుతుందో, ఆ ఖాళీ ఎక్కడ మిగులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

## 8. ఆగాక మొదటి పది నిమిషాలు

ఈ వరుస మారకూడదు:

1. అరవై దాకా లెక్కపెట్టండి. అప్పుడే లేవండి.
2. చెప్పులు వేసుకోండి.
3. గ్యాసు వాసన చూడండి. వాసన ఉంటే ఏ స్విచ్చూ వేయకండి, ఆపకండి. అగ్గిపుల్ల గీయకండి. రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరవండి.
4. వాసన లేకపోతే మాత్రమే కరెంటు మెయిన్ ఆపండి.
5. సంచి తీసుకుని, గోడ వైపు ఉంటూ మెట్లు దిగండి. పగిలిన మెట్టు కనిపిస్తే ఒక్కొక్కరుగా దిగండి.
6. పార్కింగ్‌లో ఆగకుండా బయటికి వెళ్లండి.
7. భవనం ఎత్తు ఎంతో అంత దూరంలో, తీగలు లేని చోట చేరండి. ఆ చోటు సంఘం ముందే నిర్ణయించి ఉండాలి. చాలా అపార్ట్‌మెంట్లకు రోడ్డు అవతలి పాఠశాల మైదానమో పార్కో పనికొస్తుంది.
8. ఫ్లాట్ల జాబితా పట్టుకుని ఒక్కో ఇంటివారిని పేరు పెట్టి పిలవండి. ఎవరు లేరో తేలాలి. వాచ్‌మన్ కుటుంబాన్ని మరచిపోకండి, వాళ్లు ఉండేది పార్కింగ్ గదిలోనే.

## 9. శిథిలాల కింద ఎవరైనా ఉంటే

జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్ చేరడానికి గంటలు పడుతుంది. రోడ్లు బాగుంటేనే ఆ లెక్క. మొదటి గంటల్లో బయటికి తీసేది పొరుగువారే.

- 112కు ఫోన్ చేసి చిరునామా, ఎంతమంది లోపల ఉన్నారో చెప్పండి.
- అందరినీ నిశ్శబ్దంగా ఉండమని చెప్పి పేరుపెట్టి పిలవండి, చెవి పెట్టి వినండి. మళ్లీ పిలవండి.
- చిన్న రాళ్లు, ఇటుకలు పైనుంచి ఒక్కొక్కటే చేతికి చేయి అందించుకుంటూ తీయండి. పెద్ద స్లాబును, దాన్ని మోస్తున్న ముక్కను కదపకండి.
- గంటల తరబడి కాలో చేయో బరువు కింద నలిగి ఉంటే వైద్య సిబ్బంది దగ్గర ఉన్నప్పుడే ఆ బరువు తీయాలి. ఒక్కసారిగా తీస్తే నలిగిన కండరం నుంచి విషపదార్థాలు రక్తంలోకి చేరి గుండె ఆగే ప్రమాదం ఉంది.

చిక్కుకున్నది మీరే అయితే నోటికి గుడ్డ కట్టుకోండి. అరిచి బలం పోగొట్టుకోవద్దు, దుమ్ము లోపలికి పోతుంది. ఈల వేయండి, లేదా పైపు మీద మూడుసార్లు కొట్టి ఆగి మళ్లీ కొట్టండి.

## 10. మళ్లీ ఇంట్లోకి ఎప్పుడు?

2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో తెల్లవారుజామున 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు తొమ్మిది గంటల తర్వాత 7.5 తీవ్రతతో మరొకటి వచ్చింది. మొదటిదాంట్లో బలహీనపడిన భవనం రెండోదానికి కూలుతుంది. మందుల కోసం, నగల కోసం "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్లాలనిపిస్తుంది. ఐదో విభాగంలోని సంచి గుమ్మం దగ్గర ఉంటే ఆ అవసరం రాదు.

బయటి నుంచే చూడండి. ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఇంజినీరు చూసేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు:

- పార్కింగ్ పిల్లరు తలవద్ద, పాదం వద్ద కాంక్రీటు ఊడటం
- పిల్లరు మీద ఏటవాలుగా లేదా ఒకదాన్నొకటి ఖండించే పగుళ్లు
- భవనం ఒక పక్కకు వాలడం, ముందు తెరుచుకున్న తలుపులు బిగుసుకోవడం
- మెట్లు గోడ నుంచి విడిపోవడం

నాలుగో విభాగంలో తీసిన ఫోటోలు ఇప్పుడు మళ్లీ బయటికి తీయండి. ఏడో నంబరు పిల్లరు మీద ఉన్న పగులు పాతదో కొత్తదో ఇంజినీరు ఆ ఫోటో చూసి చెప్పగలరు. బీమా సంస్థకూ అవే ఆధారం. ఇంటికి భారత్ గృహ రక్ష తరహా పాలసీ ఉంటే అందులో భూకంప నష్టం కలిసే ఉంటుంది. గృహరుణం తీసుకున్నవారు బ్యాంకు చేయించిన పాలసీ కాగితం ఇప్పుడే తీసి, బీమా మొత్తం నేటి నిర్మాణ ఖర్చుకు సరిపోతుందో లేదో చూసుకోండి.

మీ సంఘం తదుపరి సమావేశం ఎప్పుడో తెలుసుకుని, స్ట్రక్చరల్ ఇంజినీరు పరిశీలన అంశాన్ని ఎజెండాలో చేర్చమని కార్యదర్శికి ఇవాళే రాసి ఇవ్వండి.